చేతి గడియారానికి బోరబండ నేర్పండి

హైటెక్ సిటీ స్టేషన్‌లో సికింద్రాబాద్ వైపు వెళ్లే ఎంఎంటీఎస్ ఎక్కితే తర్వాతి స్టేషన్ బోరబండ. 2003లో మొదలైన ఈ రైలుకి ఆ పక్కన, ప్రపంచమంతా వాడే యాప్‌లు తయారయ్యే ఆఫీసులు. ఈ పక్కన సైట్-1, సైట్-2, సైట్-3 గల్లీలు. కాస్త ముందుకెళ్తే ఎస్‌పీఆర్ హిల్స్, యూసుఫ్‌గూడ, సినిమా కార్మికులుండే కృష్ణానగర్, ఆ పైన ఫిల్మ్‌నగర్. నడుమ ఉన్నది ఒక్క స్టేషన్ దూరమే. అయినా అలాంటి ఆఫీసుల్లో పుట్టిన స్మార్ట్‌వాచ్ యాప్ ఈ గల్లీలో ఒక మనిషి మణికట్టు మీదికి చేరేసరికి బిక్కమొహం వేస్తుంది. ఆ మనిషి ఎప్పుడు పడుకుంటాడో, ఏం తింటాడో, ఏ మాట వింటే హడలిపోతాడో దానికి తెలియదు.

తెలియజెప్పే పని ఒకటుంది. ఆఫీసు వాళ్లు దాన్ని లోకలైజేషన్ అంటారు. అనువాదమే కదా అని చాలామంది తీసిపారేస్తారు. అనువాదం అందులో ఒక ముక్క మాత్రమే. మిగతాదంతా మనుషుల్ని ఎరిగి ఉండటం. ఇంట్లో తెలుగు, గల్లీలో ఉర్దూ, బస్టాండులో హిందీ మాట్లాడుతూ పెరిగి, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ తడబడగానే "నా దగ్గర ఏం స్కిల్ ఉంది లే" అని చిన్నబోయే పాతికేళ్ల కుర్రాళ్లకీ అమ్మాయిలకీ ఈ అధ్యాయం. మీ దగ్గర ఉన్నదేమిటో, దాన్ని పనిగా మార్చాలంటే ఇంకా ఏం నేర్చుకోవాలో చెబుతాను.

మాట కంటే ముందు బతుకు

ముందు మాటల జోలికి పోకండి. గడియారం మనిషి గురించి ఏం ఊహించుకుంటోందో చూడండి. ప్రతి యాప్‌లోనూ ఒక మనిషి దాక్కుని ఉంటాడు. రాత్రి పదకొండుకి పడుకుని ఆరింటికి లేస్తాడు, పగలంతా కుర్చీలో కూర్చుంటాడు, సాయంత్రం షూ వేసుకుని పార్కులో పరుగెత్తుతాడు. ఆ మనిషి బోరబండలో ఎంతమంది?

కృష్ణానగర్‌లో గది తీసుకుని ఉంటున్న ఒక లైట్‌మ్యాన్‌ని ఊహించుకోండి. రాత్రి కాల్షీటు, అంటే రాత్రి పూట షూటింగ్ షిఫ్టు. సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా నిలబడే పని, బరువులు మోసే పని. షూటింగ్ ముగిశాక వ్యాన్‌లో కూలబడి గంట కాగానే చేతి మీద గడియారం గుర్రుమంటుంది: చాలాసేపటి నుంచి కూర్చున్నారు, లేచి నిలబడండి అని! పగలు పదింటికి పడుకుంటే కొన్ని యాప్‌లు దాన్ని కునుకు కింద జమకట్టి, రాత్రి నిద్ర సున్నా అని మార్కులు వేస్తాయి. ఇక్కడ ఎంత చక్కటి తెలుగు రాసినా అతనికి ఒరిగేదేమీ లేదు. మారాల్సింది లెక్క. "మీరు పనిచేసేది పగలా, రాత్రా?" అని మొదటి రోజే ఒక ప్రశ్న వేస్తే సగం తలనొప్పి పోతుంది. ఈ సలహా ఇవ్వగలిగినవాడు రాత్రి కాల్షీటు చూసినవాడే.

తోపుడు బండి మీద కూరగాయలు అమ్మే మనిషి సంగతి మరోటి. గడియారం అడుగుల్ని లెక్కపెట్టేది చెయ్యి ఊగడాన్ని బట్టి. రెండు చేతులూ బండి పిడి మీద ఉంటే చెయ్యి ఊగదు. రోజంతా ఎత్తుపల్లాల గల్లీలు తిరిగిన మనిషికి రాత్రి చూస్తే కాసిని అడుగులే కనిపిస్తాయి. "ఈరోజు మీరు బద్ధకించారు" అన్నట్టు ఒక ఏడుపుమొహం బొమ్మ కూడా వస్తే ఆ గడియారం మర్నాటి నుంచి అలమరలో ఉంటుంది. సెన్సర్ మన చేతిలో లేదు, కానీ ఏడుపుమొహం తీసేయమని చెప్పడం మన చేతిలో ఉంది.

రోజుకి 10,000 అడుగులు అనే లక్ష్యం దేవుడిచ్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక నడక లెక్కపెట్టే యంత్రం పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది. వ్యాపారం కోసం పెట్టిన గుండ్రటి అంకె అరవై ఏళ్లుగా ప్రపంచమంతా తిరుగుతోంది. బరువు లెక్క కూడా అంతే. ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే అంకెని బీఎంఐ అంటారు. అది 25 దాటితే అధిక బరువని చాలా యాప్‌లు పెట్టుకున్న గీత. ఆసియా వాళ్లకి 23 దగ్గర్నుంచే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణులు 2004లోనే సూచించారు. అంటే మన వాళ్లకి "అంతా బాగుంది" అని పచ్చరంగు చూపించే యాప్, నిజానికి హెచ్చరించాల్సిన చోట మెచ్చుకుంటోంది. షుగర్ వ్యాధి ఇంటింటా ఉన్న చోట ఇది చిన్న సంగతి కాదు. ఏ యాప్ చేతికి వచ్చినా మొదట ఈ గీత ఎక్కడుందో వెతకండి.

తిండి దగ్గర మన పని ఇంకా ఎక్కువ. ఓట్స్, టోస్టు, సలాడ్ ఉన్న జాబితాలో సర్వపిండి ఎక్కడ వెతకాలి? ఇరానీ చాయ్ వన్ బై టూ అంటే ఎన్ని మిల్లీలీటర్లు? అదృష్టం కొద్దీ దీనికి ఆధారం హైదరాబాద్‌లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలతో పట్టికలు ప్రచురించింది. అందులో ఉండేది బియ్యం, కందిపప్పు, తోటకూర లాంటి సరుకుల లెక్క. వాటితో ఇంట్లో వండే కూర లెక్క మీరు కట్టాలి. "ఒక కప్పు అన్నం" అని రాయకండి, మనమెవరం కప్పుతో అన్నం కొలవం. గరిటె, ప్లేటు, స్టీలు గ్లాసు ఫొటో పెట్టి ఏదో ఒకటి ఎంచుకోమనండి. అమ్మలు ఈ ఒక్క మార్పుకే మీకు దండం పెడతారు.

చర్మం సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తాను. గడియారం వెనక పచ్చటి వెలుతురు చర్మంలోకి వెళ్లి, నెత్తురు పొంగినప్పుడల్లా వచ్చే తేడాని బట్టి గుండె వేగం చెబుతుంది. మణికట్టు మీద పచ్చబొట్టు ఉంటే ఆ లెక్క తప్పవచ్చు. మన పెద్దవాళ్ల చేతుల మీద పచ్చబొట్లు ఎన్ని! గాజుల వల్ల పట్టీ పైకి జరిగి వదులైతే కూడా తప్పే. ఆస్పత్రుల్లో వేలికి పెట్టే ఆక్సీమీటర్లు నల్లజాతి రోగుల్లో తగ్గిన ఆక్సిజన్‌ను తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు పట్టుకోలేకపోయాయని 2020లో అమెరికాలో ఒక అధ్యయనం చూపించింది. ముదురు రంగు చర్మం ఉన్న ఊళ్లో గడియారం చూపించే అంకెకి "సుమారుగా" అన్న మాట చేర్చడం మర్యాద కోసం కాదు, నిజం కోసం.

చిన్న తెర, ఎత్తైన అక్షరం

ఇప్పుడు భాష. కానీ అర్థం కంటే ముందు ఆకారం. ఇంగ్లిష్ అక్షరాలు ఒకే వరసలో కుదురుగా కూర్చుంటాయి. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి. కింద వత్తు. ఇంగ్లిష్ కోసం కొలిచిన వరసలో తెలుగు పెడితే పై వరస వత్తులు కింది వరస గుడుల మీద పడతాయి. గుండ్రటి డయల్ అయితే అంచుల్లో మాట తెగుతుంది. కాబట్టి అనువదించిన మాటల పట్టిక కంప్యూటర్‌లో చూసి "అయిపోయింది" అని పంపకండి. ప్రతి తెరనీ గడియారం మీదే, ఎండలో నిలబడి, చెయ్యి చాచి చదవండి. వాడేవాళ్లు చదివేది అలాగే.

దీని వెనక మరో చిక్కుంది, దాన్ని అర్థం చేసుకున్నవాడికి ఇంజినీర్లు కుర్చీ వేస్తారు. కంప్యూటర్లు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరం ఒక బైటు. తెలుగులో ప్రతి సంకేతమూ మూడు బైట్లు. 'రక్తపోటు' అనే మాటలో ర, క, పొల్లు, త, ప, ఓత్వం, ట, కొమ్ము కలిపి ఎనిమిది సంకేతాలు, అంటే 24 బైట్లు. ఫోన్ నుంచి చేతికి కట్టే బ్యాండ్‌కి సమాచారం పంపే బ్లూటూత్ లో ఎనర్జీ పద్ధతిలో మామూలు ప్యాకెట్‌లో పట్టేది 20 బైట్లే. కొత్త పరికరాలు ఇంకా పెద్ద ప్యాకెట్లకి ఒప్పందం చేసుకోగలవు. ఆ ఏర్పాటు లేకుండా, ముక్కల్ని జాగ్రత్తగా అతికించకుండా వదిలేసిన బ్యాండ్‌లో ఏడో సంకేతం మధ్యలో తెగిపోతుంది. తెర మీద 'రక్తపో' అని వచ్చి పక్కన ఒక డబ్బా కనిపిస్తుంది. చూసుకున్న పెద్దాయనకి ఉన్న బీపీ కాస్తా ఇంకా పెరుగుతుంది. ఇలాంటప్పుడు "తెలుగు పొడవైన భాష, ఏం చేస్తాం" అనే ఇంజినీరుకి మీరు చెప్పాల్సింది: బైట్ల దగ్గర కోయకు, అక్షరం దగ్గర కోయి.

మన లిపిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ఆపిల్‌కే తెలిసింది. 'జ్ఞా' అక్షరం, దాని లోపల కంటికి కనపడని ఒక విభజన గుర్తు కలిసిన వరస మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. ప్రపంచమంతా ఆకతాయిలు ఒకరికొకరు పంపుకుని ఆడుకున్నారు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6తో పాటు గడియారానికి వాచ్ఓఎస్ 4.2.3 కూడా విడుదల చేసి దాన్ని సరిదిద్దారు. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్ల పైచిలుకు మంది మాతృభాష తెలుగు. వాళ్ల అక్షరాల కూడిక ఒకటి పరీక్షల్లో ఎవరికీ తగల్లేదు. అందుకే పరీక్షకి ఇచ్చే మాటల్లో "నమస్తే" ఒక్కటే పెట్టకండి. స్త్రీ, జ్ఞానం, లక్ష్మి, ఆర్ద్ర, రాష్ట్రం, స్వాతంత్ర్యం లాంటి వత్తుల గుంపుల్ని దగ్గర ఉంచుకోండి. కొత్త పరికరం రాగానే ఇవి పంపి చూడండి.

చవక బ్యాండ్లలో చిప్ చిన్నది, మెమరీ చిన్నది. ఫాంట్ మొత్తం పెట్టినా వత్తుని అక్షరం కిందికి చేర్చే సాఫ్ట్‌వేర్‌కి చోటుండదు. 'అమ్మ' అని పంపితే అ, మ, పొల్లు, మ విడివిడిగా వరసలో నిలబడతాయి. దీనికి పని జరిగే దారి ఒకటే: ఫోన్‌లోనే మాటని బొమ్మగా తయారుచేసి బ్యాండ్‌కి బొమ్మ పంపడం. మెసేజ్‌లన్నిటికీ ఇది కుదరకపోయినా హెచ్చరికలు, మందుల వేళలు లాంటి ముఖ్యమైన పాతిక మాటలకి కుదురుతుంది.

అంకెల దగ్గర అత్యుత్సాహం వద్దు. తెలుగు అంకెలు అందంగా ఉంటాయి, పెళ్లి శుభలేఖల మీద వేసుకుందాం. మందు వేసుకునే వేళ ౮ అని చూపిస్తే చదవగలిగేవాళ్లు ఎంతమంది? 8 అనే ఉంచండి. లక్ష దాటితే కామా మన పద్ధతిలో, 1,25,000 అని పడుతోందా లేదా చూడండి. వేళ చెప్పేటప్పుడు మాత్రం మన పద్ధతే. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటన్నరని "ఉదయం 1:30" అని రాసే యాప్‌లు ఉన్నాయి. అది రాత్రి. నాలుగైతే తెల్లవారుజాము. ఉదయం, రాత్రి లాంటి భాగాల్ని ఎంచుకునే సదుపాయం సాఫ్ట్‌వేర్ లైబ్రరీల్లో తెలుగుకి ఎప్పటినుంచో ఉంది, అడిగేవాడే లేడు.

బోరబండలో తెలుగుతో ఆగితే చాలా ఇళ్ల గడప బయటే నిలబడినట్టు. ఉర్దూ తెలంగాణకి రెండో అధికార భాష. కుడి నుంచి ఎడమకి రాసే లిపి కాబట్టి తెర మొత్తం అద్దంలో చూసినట్టు తిరగాలి. వెనక్కి వెళ్లే బాణం గుర్తు, పక్కకి జరిపే వేలి కదలిక, జాబితా అన్నీ. తిరగకూడనిది ఒకటుంది: గడియారపు ముళ్లు. ఉత్సాహంలో దాన్ని కూడా తిప్పేసే ప్రోగ్రామర్ ఉంటాడు, కాబట్టి చూసుకోండి. ఉర్దూ చదివేవాళ్లకి అలవాటైన నస్తాలీఖ్ రాత ఏటవాలుగా కిందికి దిగుతుంది, అది తెలుగు కంటే కూడా ఎక్కువ ఎత్తు అడుగుతుంది. ఉర్దూ మీకు రాదా? పక్కింట్లో వచ్చు. ఈ పని ఒంటరిగా చేసేది కాదు.

పెదవులకి అతికే మాట

ఫిల్మ్‌నగర్ పక్కన ఉన్నవాళ్లకి మాటల కొలత కొత్త కాదు. తెలుగులో తొలి డబ్బింగ్ సినిమాగా చెప్పుకునే 'ఆహుతి' 1950లో వచ్చింది. హిందీ సినిమాకి తెలుగు మాటలు కూర్చింది శ్రీశ్రీ. డబ్బింగ్ రచయితకి క్లోజప్ అంటే గండం. తెర మీద నటుడి పెదవులు మూసుకున్న చోట ప, బ, మ ల్లో ఒకటి పడాలి. నోరు తెరిచి ఉంటే మాట దీర్ఘం మీద ఆగాలి. అర్థం పోకూడదు, మాట ఎక్కువ కాకూడదు, తెలుగువాడు అన్నట్టే ఉండాలి. గడియారపు తెర ఎప్పుడూ క్లోజప్పే. రెండు వరసలు, చూసే మనిషి చూపు నిలిచేది క్షణం. డబ్బింగ్ థియేటర్లో పనిచేసిన వాళ్లెవరైనా మీకు తెలిస్తే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ కోర్సులోనూ దొరకని విద్య అది.

ఒక హెచ్చరికని చూద్దాం. ఇంగ్లిష్ నుంచి యథాతథంగా దిగుమతి అయితే ఇలా ఉంటుంది: "మీ హృదయ లయలో అక్రమత గుర్తించబడింది. దయచేసి వైద్య నిపుణుడిని సంప్రదించండి." 'హృదయ లయ' పాట గురించి అనుకుంటారు, 'అక్రమత' అంటే అక్రమ కట్టడం గుర్తొస్తుంది, 'గుర్తించబడింది' అనే క్రియ ప్రభుత్వ ఉత్తర్వుల్లో తప్ప ఎవరి నోటా రాదు. అసలు లోపం ఇవేవీ కావు. చదివిన మనిషికి ఇప్పుడేం చెయ్యాలో తెలియదు. ఇలా రాయండి: "గుండె కొట్టుకోవడంలో తేడా కనిపిస్తోంది. కూర్చోండి. మళ్లీ చూద్దాం." తరువాతి తెరలో: "ఛాతీనొప్పి, ఆయాసం ఉంటే 108కి ఫోన్ చేయండి." 108 సేవ 2005 ఆగస్టు 15న ఈ హైదరాబాద్‌లోనే మొదలైంది. విదేశీ యాప్‌ని తెలుగు చేసి, ఆపద బటన్ నొక్కితే మాత్రం ఇంకో దేశపు నంబరుకి పోయేలా వదిలేసినవాడిది క్షమించలేని నిర్లక్ష్యం.

బీపీ, షుగర్, పల్స్, ఈసీజీ. ఈ మాటల్ని తెలుగు చేయకండి. డాక్టరమ్మ అనేది అవే, మందుల చీటీ మీద ఉండేవి అవే. నిద్ర, నడక, అలసట, ఊపిరి లాంటి వాటికి తెలుగు మాట నోట్లోనే ఉంది కాబట్టి 'స్లీప్' అని పెట్టడం కూడా అంతే తప్పు. మన దగ్గర రెండు జట్లున్నాయి: ప్రతిదానికీ సంస్కృతం తవ్వి తీసేవాళ్లు, ప్రతిదాన్నీ ఇంగ్లిష్‌లో ఉంచేసేవాళ్లు. ఇద్దరూ జనం నోటిని వినరు. మీరు వినండి, విన్నది ఒక పట్టికలో రాసుకోండి, యాప్ మొత్తంలో అదే మాట వాడండి. ఒక తెరలో 'పల్స్', ఇంకో తెరలో 'నాడి' అని ఉంటే రెండూ వేరు వేరు రోగాలనుకుంటారు.

వ్యాకరణంలో ఒక గోతిని చూపిస్తాను. యాప్‌లో పేరు మారుతూ ఉంటుంది, వాక్యం మారదు. 'ఫలానావారికి' అని విభక్తి అతికించి పెడితే రవికి బాగుంటుంది, సీతకి బాగుంటుంది, ఎవరైనా పేరుని ఇంగ్లిష్‌లో రాసుకుంటే దాని తోక మాత్రం తెలుగులో వేలాడుతుంది. పేరుకి తోక లేకుండా వాక్యం కట్టండి. "మీ లొకేషన్ చూస్తున్నవారు: రవి" అంటే ఏ పేరైనా కూర్చుంటుంది. 'మీరు నడిచారు' అంటే ఆడా మగా తేడా రాదు, గౌరవమూ నిలుస్తుంది. కుటుంబ సభ్యుల లెక్కలు చూపించేటప్పుడు 'అమ్మ నడిచింది' అనాలా, 'నడిచారు' అనాలా అన్న తగువు ఒక్కో ఇంట్లో ఒక్కోలా తేలుతుంది. "అమ్మ: 4,200 అడుగులు" అని క్రియ లేకుండా రాస్తే తగువే లేదు.

"అర్థమైందా?" అని అడగొద్దు

మన వాళ్ల మొహమాటం లోకంలో ఎక్కడా ఉండదు. తయారైన యాప్‌ని ఆటో అన్నకి చూపించి "అన్నా, మంచిగుందా?" అనండి. "మస్తుంది తమ్మీ" అంటాడు. పక్కింటి అత్తమ్మని "అర్థమైందా?" అనండి. "అయ్యో, ఎందుకు కాలేదు బిడ్డా, చదువుకున్నోనివి, మంచిగనే చేసి ఉంటవ్" అంటుంది. ఈ మెప్పుల్ని నివేదికలో రాసి ఆఫీసుకి పంపితే యాప్ మునిగినట్టే.

అడగాల్సిన పద్ధతి వేరు. గడియారం వాళ్ల చేతికే కట్టండి. హెచ్చరిక వచ్చేలా చేసి ఊరుకోండి. "ఇప్పుడిది ఏం చెబుతున్నట్టుంది అన్నా? నువ్వైతే ఏం చేస్తవ్?" అని మాత్రం అనండి. తరువాత నోరు మూసుకోవడమే కష్టం. తప్పు చోట నొక్కుతుంటే వేలు పట్టుకుని సరైన చోట పెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ఆ తప్పే మీకు కావాల్సింది. అద్దాలు మరిచిపోయి వచ్చిన పెద్దాయన చెయ్యి ముందుకీ వెనక్కీ జరుపుకుంటుంటే అక్షరం చిన్నదైందని అర్థం. మనవరాలికి చూపించి చదివించుకుంటే, గొంతుతో చదివి వినిపించే ఏర్పాటు కావాలని అర్థం. చదువు రానివాళ్లకీ ఇదే దారి. వినిపించేటప్పుడు బీపీ 120/80ని ఎలా పలుకుతోందో వినండి. మనం "వన్ ట్వంటీ బై ఎయిటీ" అంటాం. అది "నూట ఇరవై గీత ఎనభై" అంటే నవ్వుకుని ఊరుకుంటారు, యాప్ మీద నమ్మకం మాత్రం పోతుంది.

పరీక్ష ఒక్క కాలంలో చేసి ముగించకండి. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది. ఆ నెలలో మిట్టమధ్యాహ్నం "నీళ్లు తాగండి" అని గుర్రుమనే గడియారం రోజాలో ఉన్నవాళ్లని విసిగిస్తుంది. నీళ్ల లెక్కని ఇఫ్తార్ నుంచి సహర్ దాకా జరపగలగాలి. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకి మండలం 41 రోజులూ నిద్ర లేచే వేళ, భోజనం, నడక అన్నీ మారతాయి. యాప్ దాన్ని జబ్బు లక్షణంగా చూడకూడదు. ఇవన్నీ యాప్ తనంతట తాను ఊహించడం మాత్రం వద్దు. ఎవరి మతం ఏమిటో గడియారం లెక్కగట్టడం మొదలుపెడితే సాయం కాస్తా నిఘా అవుతుంది. "కొన్నాళ్లు నా వేళలు మారుతున్నాయి" అనే ఒక మీట చాలు. కారణం చెప్పాల్సిన పని లేదు.

నిఘా అంటే గుర్తొచ్చింది. చండీగఢ్, నాగపూర్ లాంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికుల చేతులకి జీపీఎస్ గడియారాలు కట్టారు. ఎక్కడున్నారో, ఎంతసేపు ఆగారో ఆఫీసులో కనిపించేది. చండీగఢ్‌లో కార్మికులు రోడ్డెక్కి వ్యతిరేకించారు. ఐటీ ఉద్యోగి ముచ్చటపడి కొనుక్కునే వస్తువే ఇంకో చేతి మీద సంకెల. మీరు తెలుగు చేస్తున్న యాప్ ఎవరి డబ్బుతో, ఎవరి చేతికి వెళ్తోందో అడగండి. కార్మికుల మీద కాపలాకైతే కనీసం ఏమేం నమోదవుతోందో పూర్తిగా, పెద్ద అక్షరాల్లో, వాళ్ల భాషలో రాయండి. సమ్మతి అడగాల్సిన యాప్‌లకైతే ఇది మీ మంచితనం మీద వదిలేసిన విషయం కూడా కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, సమ్మతి అడిగే నోటీసుని ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలుండాలి. తెలుగూ ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి. రాబోయే రోజుల్లో ఈ పనికి గిరాకీ పెరుగుతుందని నేను నమ్మడానికి ఇదొక గట్టి కారణం.

ఇంటి లోపలి గుట్టు కూడా ఉంది. మన ఇళ్లలో ఫోన్ ఒక్కరిది కాదు. అమ్మాయి నెలసరి లెక్క పెట్టుకునే యాప్, తమ్ముడు గేమ్ ఆడుతుండగా తెర మీద తారీఖుతో సహా ప్రత్యక్షమైతే ఆ అమ్మాయి యాప్ తీసేస్తుంది. నోటిఫికేషన్‌లో "మీకొక రిమైండర్ ఉంది" అని మాత్రమే రాసి, అసలు విషయం లోపల పెట్టండి. ఈ సంగతి మనిషికొక ఫోన్ ఉన్న దేశంలో కూర్చున్న డిజైనర్‌కి తట్టకపోవచ్చు. మీకు తట్టాలి.

రేపటి నుంచి ఏం చేయాలి

డిగ్రీ కోసం ఆగకండి. గాడ్జెట్‌బ్రిడ్జ్ అని ఒక యాప్ ఉంది. కంపెనీ యాప్ లేకుండా చాలా రకాల బ్యాండ్లనీ గడియారాలనీ ఆండ్రాయిడ్ ఫోన్‌తో కలుపుతుంది. ఉచితం, దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. దాని మాటల్ని వెబ్‌లేట్ అనే వేదికలో ఎవరైనా తమ భాషలోకి తేవచ్చు. అక్కడ పది తెరలు శుభ్రంగా చేయండి. ముందు ఎలా ఉంది, మీరు ఎలా మార్చారు, ఎందుకు మార్చారు, ఎవరి చేతికి కట్టి చూశారు అనేవి ఫొటోలతో ఒక చోట పెట్టుకోండి. ఇంటర్వ్యూలో మీ ఇంగ్లిష్ తడబడినా ఆ ఫొటోలు తడబడవు. కాస్త సాంకేతికం మీద ఆసక్తి ఉంటే పైన్‌టైమ్ అనే గడియారం గురించి చదవండి. 64 కిలోబైట్ల ర్యామ్ మాత్రమే ఉన్న ఆ చిన్న వస్తువు మీద నడిచే ఇన్ఫినీటైమ్ సాఫ్ట్‌వేర్ కూడా తెరిచిన కోడే. తెలుగు వత్తు ఎందుకంత మొండిదో దాని మీద కుస్తీ పడితే బాగా తెలుస్తుంది.

పని దొరికాక డబ్బు సంగతి. ఈ రంగంలో పదానికి ఇంత అని రేటు కట్టడం అలవాటు. పుస్తకానికైతే సరే. గడియారం యాప్‌లో ఉండేవే కొన్ని వందల మాటలు. వాటిని రెండు వరసల్లోకి కుదించడానికి, గల్లీలో నలుగురి చేతికి కట్టి చూడటానికి, మళ్లీ రాయడానికి రోజులు పడతాయి. మీరు రాసిన తెలుగు పదాల లెక్కన ఒప్పుకుంటే మీరు తగ్గించిన ప్రతి మాటకీ మీ కూలీ తగ్గుతుంది. బాగా చేసినవాడికి తక్కువ, వాగినవాడికి ఎక్కువ! అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టకండి. సినిమావాళ్ల నుంచి ఈ ఒక్కటీ నేర్చుకోండి: కాల్షీటు లెక్కన మాట్లాడుకోండి. జనం దగ్గర పరీక్షించిన రోజులు కూడా అందులో కలిపి, ఆ సంగతి కాగితం మీద రాయించుకుని, ఆ తర్వాతే పని మొదలుపెట్టండి.